దారి చూపడమూ దానమే: చార్మినార్ చౌరస్తా బోర్డులు నేర్పే పాఠం



దానం అనగానే మనకు డబ్బు, అన్నం, బట్టలు గుర్తుకొస్తాయి. కానీ దైవప్రవక్త ముహమ్మద్ (స) సదఖా అనే మాటను చాలా విశాలమైన అర్థంలో బోధించారు. తోటివారిని చిరునవ్వుతో పలకరించడం, దారిలో ఉన్న రాయినీ ముల్లునూ తీసివేయడం, దారి తెలియని బాటసారికి దారి చూపడం కూడా సదఖాయేనని ఆయన బోధనల సారాంశం. ఈ మూడింటిలో చివరిదాన్ని ఆధారంగా చేసుకుని ఈ ఏడాది సంచికకు ఒక పాఠం రాస్తున్నాను. పాఠ్యపుస్తకం హైదరాబాద్‌లోని చార్మినార్ చౌరస్తా. అక్షరాలు అక్కడి బోర్డులు, పేర్లు, కమాన్లు.

ఒక చిన్న సంఘటన

కొంతకాలం కిందట మా ఎనిమిదో తరగతి పిల్లలను చార్మినార్ చూపించడానికి తీసుకువెళ్లాను. ఊరికే తిరిగి ఫొటోలు దిగి వస్తే పాఠం కాదు కనుక, ప్రతి ఒక్కరూ నోటుపుస్తకంలో పది బోర్డులు రాసుకోవాలని చెప్పాను. బోర్డు ఏ భాషలో ఉంది, ఏం చెబుతోంది, ఎవరికి చెబుతోంది అనే మూడు ప్రశ్నలకు జవాబు రాయాలి.

పిల్లలు రాసుకుంటుండగా ఒక పెద్దాయన మా దగ్గరకు వచ్చారు. చేతిలో ఆస్పత్రి చీటీ ఉంది. మా విద్యార్థినిని చూసి, "బేటా, యునానీ దవాఖానా కిధర్ హై?" అని అడిగారు. ఎదురుగానే ఒక తాత్కాలిక బోర్డు మీద బాణం గుర్తుతో దారి రాసి ఉంది. అయితే అది తెలుగులో, ఇంగ్లిష్‌లో మాత్రమే ఉంది. ఆయనకు వచ్చిన లిపి ఉర్దూ ఒక్కటే. అమ్మాయి బోర్డు చదివి ఆయనకు ఉర్దూలో దారి చెప్పింది. ఆయన దీవించి కదలబోతుంటే, ఆ అమ్మాయే ఆయన్ను ఆపి పక్క సందు మొదట్లో గోడకు బిగించిన ఒక పాత రేకు పలకను చూపించింది. "నానా, ఇస్‌పే క్యా లిఖా హై?" అని అడిగింది. ఆయన దగ్గరకు వెళ్లి, కళ్లద్దాలు సవరించుకుని, సగం చెరిగిపోయిన ఆ గల్లీ పేరు చదివి చెప్పారు.

ఆ అమ్మాయి ఇంట్లో మాట్లాడేది ఉర్దూనే. కానీ చదవలేదు. ఆ పెద్దాయన చదవగలరు. కానీ కొత్త బోర్డు ఆయన లిపిలో లేదు. ఒకరికి కొత్త బోర్డు మూగది, ఇంకొకరికి పాత బోర్డు మూగది. తిరుగు ప్రయాణంలో బస్సులో నేను ఆలోచించింది ఇదే. ఈ వ్యాసానికి మూలం కూడా ఇదే.

బోర్డు అవసరం లేని చౌరస్తా

చార్మినార్‌ను 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించారు. హిజ్రీ లెక్కలో అది వెయ్యో సంవత్సరం దగ్గర. గోల్కొండ కోట బయట, మూసీ నదికి దక్షిణాన కొత్త నగరాన్ని వేసినప్పుడు దానికి నడిబొడ్డుగా ఈ కట్టడాన్ని నిలిపారు. నాలుగు పక్కలా నాలుగు పెద్ద కమాన్లు, వాటి ఎదుట నాలుగు రోడ్లు. పై అంతస్తులో మస్జిద్.

భవనమే దారి చూపే గుర్తుగా ఉండేటట్టు ఆనాటి వాళ్లు నగరాన్ని వేశారు. మినార్లు దూరానికి కనిపిస్తాయి. వాటి వైపు నడిస్తే ఊరి మధ్యకు చేరతాం. కమాను కింద నిలబడితే నాలుగు దిక్కులు తెలుస్తాయి. అక్షరం రాని వ్యాపారికి, ఇరాన్ నుంచి వచ్చిన పండితుడికి, పల్లె నుంచి బండి తోలుకొచ్చిన రైతుకు ఒకే గుర్తు ఒకేలా ఉపయోగపడింది.

చార్మినార్‌కు ఉత్తరాన కొద్ది దూరంలో చార్‌కమాన్ ఉంది. ఇది నాలుగు కమాన్ల విశాలమైన ఆవరణ, దాని నడుమ నీటి తొట్టి. ఉత్తరాన మచ్లీ కమాన్, తూర్పున కాలీ కమాన్, దక్షిణాన చార్మినార్ కమాన్, పడమరన సెహ్రె బాతిల్ కమాన్. పడమటి కమాన్ రాజప్రాసాదాలకు వెళ్లే దారి. మీరు ఎక్కడున్నారో, ఎటు పోతున్నారో ఈ కమాన్లే చెప్పేవి.

పేర్లలో దాగిన చరిత్ర

బోర్డుల కంటే ముందు జనం నోట్లో ఉన్న పేర్లే దారి చూపాయి. ఆ పేర్లు నోటి నుంచి నోటికి వస్తూ మారిపోయాయి. మూడు ఉదాహరణలు చూద్దాం.

మొదటిది గుల్జార్ హౌజ్. హౌజ్ అంటే నీటి తొట్టి. నాలుగు వైపుల నుంచీ కనిపించే తొట్టి కనుక మొదట దీన్ని 'చార్ సూ కా హౌజ్' అనేవారు. వాడుకలో అది అరిగి 'సూకా హౌజ్' అయింది. సూఖా అంటే ఎండిపోయినది అని అర్థం వచ్చే ప్రమాదం ఉంది కదా. తరువాత గుల్జార్ హౌజ్ అనే పేరు స్థిరపడింది. ఇప్పుడు బోర్డు రాసేవారు 'జ్' బదులు 'స్' రాస్తే హౌజ్ కాస్తా హౌస్ అవుతుంది. నీటి తొట్టి ఇల్లుగా మారిపోతుంది. ఒక్క అక్షరంతో నాలుగు వందల ఏళ్ల నీరు ఇంకిపోతుంది.

రెండోది సెహ్రె బాతిల్ కమాన్. సెహర్ అంటే మంత్రజాలం, బాతిల్ అంటే చెల్లనిది. చేతబడి పారని చోటు అనే భావంతో ఆ పేరు వచ్చిందని చెబుతారు. జనం నోట అది షేర్-ఎ-బాతిల్ అయింది, కొందరి నోట షేర్‌గిల్ కూడా అయింది. మంత్రం పోయి సింహం వచ్చింది! తెలుగులో, ఇంగ్లిష్‌లో బోర్డు రాసేటప్పుడు ఏ ఉచ్చారణను పట్టుకున్నారన్నదాన్ని బట్టి అర్థమే మారిపోతుంది.

మూడోది మదీనా. నయాపూల్ దాటి పత్తర్‌గట్టి వైపు వచ్చే ప్రతి ఒక్కరికీ మదీనా స్టాప్ తెలుసు. బస్సు కండక్టర్ మదీనా అని కేకేస్తాడు, మనం దిగుతాం. కానీ అక్కడి మదీనా బిల్డింగ్ వక్ఫ్ ఆస్తి అనీ, దాని అద్దె ఆదాయం పవిత్ర మదీనా నగరంలోని పేదలకు అందాలనే సంకల్పంతో దాన్ని కట్టారనీ దిగేవారిలో ఎంతమందికి తెలుసు? ఒక దాత చేసిన పుణ్యకార్యం బస్‌స్టాప్ పేరుగా మిగిలింది. పేరు బతికింది, దాని వెనుకనున్న ఉద్దేశం మరుగున పడింది. దాతలైన మీరు ఆలోచించవలసిన విషయం ఇది.

ఇదే కోవలోకి వచ్చేది దారుల్‌షిఫా. ఆ పేరుకు స్వస్థత ఇచ్చే ఇల్లు అని అర్థం. చార్మినార్ కట్టిన కులీ కుతుబ్ షాయే అక్కడ ఆస్పత్రి కట్టించాడు. ఇప్పుడది ఒక పేట పేరు. పేరు అర్థం తెలిసిన పిల్లవాడికి ఆ పేటలో నడవడమే చరిత్ర పాఠం.

బోర్డు మీద భాష మారిన తీరు

ఇక రాత బోర్డుల సంగతి. బోర్డు మీద ఏ భాష ఉందో చూస్తే, ఆ కాలపు ప్రభుత్వం ఎవరిని చదువరిగా ఊహించుకుందో తెలుస్తుంది.

కుతుబ్ షాహీల కాలం నుంచి అసఫ్ జాహీల కాలంలో చాలాకాలం వరకు దర్బారు భాష ఫారసీ. 1884లో నిజాం రాజ్యంలో ఫారసీ స్థానంలో ఉర్దూ అధికార భాష అయింది. 1889లో చార్మినార్ నాలుగు ముఖాలకూ గడియారాలు అమర్చారు. ఎటు నుంచి వచ్చేవారికైనా సమయం తెలియాలన్నదే దాని ఉద్దేశం. 1918లో ఉర్దూ మాధ్యమంగా ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఆ కాలంలో ఉర్దూ చదవగలిగినవారికి ఈ చౌరస్తా అరచేతిలో పుస్తకం. అదే సమయంలో రాజ్యంలో అధిక సంఖ్యాకులైన తెలుగువారిలో ఉర్దూ లిపి రానివారికి అది మూసిన పుస్తకమే. ఈ నిజాన్ని కూడా మనం ఒప్పుకోవాలి.

1948లో రాజ్యం భారతదేశంలో కలిసింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 1966లో తెలుగును అధికార భాషగా చేస్తూ చట్టం వచ్చింది. తెలుగు అక్షరం బోర్డు మీదికి వచ్చింది, రావలసిందే. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక, 2017లో ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండో అధికార భాషగా చేస్తూ చట్టాన్ని సవరించారు. అంటే చట్టం దృష్టిలో నేడు రెండు లిపులకూ చోటుంది. కొరత ఉన్నదల్లా సరిగ్గా రాసేవారికీ, సరిగ్గా చదివేవారికీ.

చౌరస్తా రూపం మారిన తీరు

1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచెత్తింది. ఆ దెబ్బ తరువాత 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది. ఇరుకు బస్తీలను తీర్చిదిద్దడం, రోడ్లు వెడల్పు చేయడం దాని పని. ఈ రోజు మనం చూసే పత్తర్‌గట్టి రాతి కమాన్ల దుకాణాల వరుస ఆ బోర్డు కృషే. దుకాణాలు కొత్తవైనా కమాను ఆకారాన్ని వదలలేదు కనుక, పాత చౌరస్తాకు అవి పరాయివిగా కనిపించవు.

తరువాత మోటారు బండ్లు వచ్చాయి. మా తరంవాళ్లకు గుర్తున్న చార్మినార్ అదే. చుట్టూ బస్సులు, ఆటోలు, రిక్షాలు గిరగిరా తిరుగుతుండేవి, పొగకు గోడలు నల్లబడేవి. అప్పుడే రోడ్డు గుర్తులు కూడా పెరిగాయి. ఈ మధ్య సంవత్సరాల్లో కట్టడం చుట్టూ వాహనాలను ఆపి, గ్రానైట్ రాళ్లు పరిచి, నడిచేవారికి వదిలారు. పొగ తగ్గింది, పిల్లలు చేయి విడిపించుకుని నడవగలుగుతున్నారు. ఇది మంచి మార్పు. వాహనాలకు దారి చూపిన పాత గుర్తుల్లో చాలావాటికి ఇక పనిలేదు. పనిలేని వస్తువును తీసి పారేస్తారు, దాని గురించి ఎవరూ రాసి పెట్టుకోరు. అలా ఒక కాలం ఆనవాలు చెప్పకుండా వెళ్లిపోతుంది.

కట్టడం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. 1958 చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషేధం, ఆ తరువాత మరో 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి. రాయికి చట్టం రక్షణ ఉంది. గల్లీ మొదట్లోని రేకు పలకకు అలాంటి రక్షణ లేదు. దాని మీద ఒక ఫ్లెక్సీ కడితే చాలు, పేరు కనుమరుగే.

బోర్డు చదవడం ఎలా?

పిల్లలకు నేను చెప్పిన నాలుగు మెలకువలు మీకూ చెబుతాను. ఇంట్లో పిల్లలకు నేర్పవచ్చు.

1. ఆకారం. మోటారు వాహనాల చట్టం 1988 షెడ్యూలులోని గుర్తులకు ఒక క్రమం ఉంది. గుండ్రనిది ఆజ్ఞ, పాటించి తీరాలి. ఎర్ర అంచు త్రికోణం హెచ్చరిక. దీర్ఘచతురస్రం సమాచారం. ఆగుము అనే గుర్తుకు ఎనిమిది కోణాలు. వెనుక నుంచి చూసినా, అక్షరాలు చెరిగినా ఆ ఆకారంతోనే గుర్తుపట్టవచ్చు. చదువు రానివారికి కూడా ఇది దారి చూపుతుంది.

2. చుక్క. ఉర్దూలో చాలా అక్షరాల రూపం ఒకటే, చుక్కే వాటిని వేరు చేస్తుంది. ఒకే ఆకారానికి పైన చుక్క పెడితే 'ఖ', కింద చుక్క పెడితే 'జ'. అందుకే నుక్తా జారితే 'ఖుదా' కాస్తా 'జుదా', అంటే వేరైపోవడం, అవుతుందని పెద్దలు హెచ్చరిస్తారు. పాత పలక మీద తుప్పు పట్టి ఒక చుక్క పోయినా, రంగు వేసేవాడు ఒక చుక్క ఎక్కువ పెట్టినా పేరు మారిపోతుంది.

3. అంకెలు. ఉర్దూ అక్షరాలు కుడి నుంచి ఎడమకు రాస్తారు కానీ, అంకెలు మాత్రం ఎడమ నుంచి కుడికే. ఒకటి నిలువు గీత. సున్నా ఒక చుక్క. ఏడు ఇంగ్లిష్ 'వి' అక్షరంలా ఉంటుంది, దాన్ని తిరగేస్తే ఎనిమిది. అయిదు తలకిందులైన హృదయం ఆకారం. ఈ అయిదు అంకెలు నేర్చుకుంటే పాత రాళ్ల మీది సంఖ్యలు సగం అర్థమవుతాయి. పాత రాయి మీద దూరం మైళ్లలో ఉంటే, ఒక మైలు 1.6 కిలోమీటర్లని గుర్తుంచుకోవాలి. 5 మైళ్లంటే దాదాపు 8 కిలోమీటర్లు. 

4. హిజ్రీ సంవత్సరం. చాంద్రమాన సంవత్సరంలో 354 లేదా 355 రోజులే ఉంటాయి. కనుక హిజ్రీ సంఖ్యను 0.97తో గుణించి 622 కలిపితే ఇంచుమించుగా మనకు తెలిసిన సంవత్సరం వస్తుంది. 1000ని గుణిస్తే 970, దానికి 622 కలిపితే 1592. చార్మినార్ కాలానికి సరిపోయింది కదా! మస్జిద్ గోడ మీద, మన తాతల సమాధుల మీద ఉన్న సంవత్సరాలను పిల్లలు ఇలా లెక్కవేసి చెబుతుంటే పెద్దలకు ఎంత సంతోషమో నేను కళ్లారా చూశాను.

తప్పు బోర్డుదేనా?

ఇక్కడ కొంచెం కటువైన మాట చెప్పాలి. ఉర్దూలో బోర్డు లేదని మనం బాధపడతాం. అక్షరం తప్పు రాశారని నవ్వుకుంటాం. కానీ మన పిల్లల్లో ఎందరు ఆ బోర్డు చదవగలరు? ఈ సంచికనే చూడండి. మనలో చాలామంది ఇంట్లో ఉర్దూ మాట్లాడతాం, కానీ ఈ వ్యాసాన్ని తెలుగులో చదువుతున్నాం. తెలుగు మన చదువు భాష, మన ఇరుగుపొరుగు భాష, దాన్ని గౌరవంగా నేర్చుకున్నాం. అది సిగ్గుపడవలసిన విషయం కాదు, గర్వించవలసినది. అయితే ఒక లిపి నేర్చుకోవడానికి ఇంకో లిపిని వదిలేయాలన్న నియమం ఎక్కడా లేదు. చదివేవారు లేనప్పుడు రాసేవారు ఎవరి కోసం రాస్తారు? బోర్డు మీద నుంచి లిపి పోవడానికి ముందే అది మన ఇళ్ల నుంచి పోయింది.

రెండో వైపు కూడా చూడాలి. మన మస్జిదుల్లో, మదరసాల్లో, సంఘ భవనాల్లో ఉర్దూలో మాత్రమే బోర్డు పెట్టి, పక్కింటి తెలుగు సోదరుడు లోపల ఏముందో తెలియక ఆగిపోయేటట్టు చేయడం లేదా? ఉచిత వైద్య శిబిరం అని ఒకే లిపిలో రాస్తే, అవసరంలో ఉన్న ఇంకొకరికి తలుపు మూసినట్టే. దారి చూపడం సదఖా అయినప్పుడు, ఆ దారి అవసరమైనవాడు చదవగలిగేటట్టు రాయడం దానిలో భాగమే.

మనం చేయగలిగినవి

పెద్ద ఖర్చు లేని నాలుగు పనులు సంఘం ముందు, దాతల ముందు ఉంచుతున్నాను.

మొదటిది, మన సంస్థకు చెందిన ప్రతి బోర్డునూ తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ మూడింటిలోనూ రాయించాలి. రంగు వేసేముందు ఆయా భాషలు వచ్చిన ఒక్కొక్కరి చేత సరిచూయించాలి. 

రెండోది, మరమ్మతు చేసేటప్పుడు పాత పలకలను, వక్ఫ్ శాసనాలను, దాతల పేర్ల రాళ్లను పగలగొట్టకుండా ముందు ఫొటో తీసి, అందులోని మాటలను రాసి భద్రపరచాలి. ఇచ్చినవారి పేరుతో పాటు ఏ ఉద్దేశంతో ఇచ్చారో కూడా రాయాలి. పేరు పేరు కోసం కాదు. ఆ ఆస్తి ఎవరి హక్కో రేపటివారికి తెలియడం కోసం. మదీనా బిల్డింగ్ కథ మనకు నేర్పేది ఇదే.

మూడోది, మన ట్యూషన్ కేంద్రాల్లో వారానికి ఒక గంట ఉర్దూ చదవడం నేర్పాలి. కవిత్వం రాసేంత అక్కర్లేదు. బోర్డు, చీటీ, తాతగారి ఉత్తరం చదవగలిగితే చాలు. ఖురాన్ పారాయణం నేర్చుకున్న పిల్లలకు అక్షరాల్లో చాలా వరకు ముందే వచ్చి ఉంటాయి కనుక, పని సగం అయినట్టే. ఉర్దూ మాత్రమే వచ్చిన పెద్దలకు అదే గంటలో పిల్లల చేత తెలుగు అక్షరాలు చెప్పించవచ్చు.

నాలుగోది, ఏడాదికి ఒకసారి పిల్లలను ఇలాంటి పాత చౌరస్తాకు తీసుకువెళ్లాలి. హైదరాబాదే అక్కర్లేదు. మన ఊరి పాత బజారు, ఖిల్లా దగ్గరి కూడలి, పాత మస్జిద్ వీధి ఏదైనా సరే.

విద్యార్థులకు అభ్యాసం

మీ వీధిలోని అయిదు బోర్డులు రాసుకోండి. ప్రతిదానికీ ఈ ప్రశ్నలు వేసుకోండి: ఎన్ని లిపులున్నాయి? అన్నింటిలో పేరు ఒకేలా ఉందా? ఈ పేరుకు అర్థం ఏమిటి? ఇంట్లో పెద్దవాళ్లు ఈ చోటును ఇదే పేరుతో పిలుస్తారా, ఇంకో పేరుందా? ఈ బోర్డు చదవలేనివారు ఎవరు? చివరి ప్రశ్నకు జవాబు దొరికితే, మీరు వారికి ఎలా సాయపడగలరో ఒక వాక్యం రాయండి.

మా విద్యార్థిని ఆ రోజు తన నోటుపుస్తకంలో పదో బోర్డుగా ఆ రేకు పలకనే రాసుకుంది. 'ఎవరికి చెబుతోంది?' అన్న ప్రశ్న ఎదురుగా 'నానాకు' అని రాసి, కింద చిన్నగా 'నేను కూడా నేర్చుకుంటాను' అని చేర్చింది. ఇప్పుడు ఆమె అలిఫ్ నుంచి మొదలుపెట్టి చదువుతోంది.

ఆమె లాంటి పిల్లలకు ఒక గంట, ఒక పలక, ఒక ఉపాధ్యాయుడు ఏర్పాటు చేయడం మన చేతిలోని పని. మీరు ఇచ్చే ప్రతి రూపాయినీ అల్లాహ్ స్వీకరించి, దాన్ని మనం పోయిన తరువాత కూడా పుణ్యం చేకూర్చే సదఖయె జారియాగా చేయుగాక. దారి తెలియనివారికి దారి చూపే భాగ్యం మనందరికీ కలుగుగాక. ఆమీన్.